గృహ వ్యవహారములు: మొదటి బేరమునకు తలయూపవలెనా?



బేరమాడుట మన స్త్రీలకు క్రొత్తవిద్య కాదు. గాజుల మలారమును, కూరగాయల గంపను, చీరల మూటను వాకిట దింపించి, చెప్పిన వెలను సగమునకు దింపగల నేర్పరులు ప్రతి వీధియందును గలరు. అయితే ఆ నేర్పంతయు కొనువారి నేర్పు. అమ్మువారి పక్షమున నిలువవలసి వచ్చినప్పుడు మనలో ననేకులకు మాట తడబడును. అందునను అమ్మవలసినది కంటికి గనబడని వస్తువై, కొనువాడు ముఖము చూపనివాడైనప్పుడు, మొదటి మాటకే తలయూపుదుమో, ఆశకొలది అడిగి వచ్చిన బేరమును చెడగొట్టుకొందుమో చెప్పజాలము. అట్టి వస్తువొకటి యిప్పుడు మన యిండ్లలోనికి వచ్చియున్నది. అది అంతర్జాలమునందలి పేరు. దానినే డొమైన్ పేరందురు.

పచ్చళ్లు, పొడులు, నేతచీరలు, ఇత్తడి సామగ్రి మున్నగువానిని ఇంట తయారుచేసి యమ్ముకొను స్త్రీలు తమ సరకు పదిమందికి తెలియుటకై వెబ్‌సైటు పెట్టుకొనుచున్నారు. ఆ వెబ్‌సైటునకు దారిచూపు పేరే డొమైన్ పేరు. 'డాట్ కామ్' అనియు, 'డాట్ ఇన్' అనియు ముగియు పేరులు మనమెఱిగినవే. ప్రపంచమున మొదటి డాట్ కామ్ పేరు 1985 మార్చి 15వ తేదీన నమోదైనది. మన దేశపు డాట్ ఇన్ పేరులు 2005 నుండి ఎల్లవారికిని సులభముగా దొరకుచున్నవి. తెలుగు లిపిలోనే వ్రాసికొనదగిన 'డాట్ భారత్' పేరులును గలవు. ఇట్టి పేరు కొనుక్కొన్న స్థలము వంటిది కాదు. కౌలునకు దీసికొన్న భూమి వంటిది. ఏటేట వేయి, పదునైదువందల రూపాయలు చెల్లించుచున్నంత కాలము మనది. చెల్లింపు మానితిమా, కొంత గడువు దాటిన పిదప ఎవరైనను తీసికొనవచ్చును. అక్షరమక్షరము సరిపోవు పేరు లోకమంతటికిని ఒక్కటియే యుండును. దాని వెలకు మూలమిదియే.

ఒకనాడు ఉత్తరము వచ్చును. "మీ పేరు మాకు కావలెను. ఇరువదివేల రూపాయలిత్తుము. ఐదు దినములలో సమాధానమిండు" అని యుండును. వ్రాసినవాడు తనకొఱకే యడుగుచున్నాడో, వేఱొకరి తరపున దలాలియో తెలియదు. ఇంటిలో నప్పుడే రెండు పక్షములేర్పడును. వేయి రూపాయల వస్తువునకు ఇరువదివేలు వచ్చుచుండగా ఇంకేమి యాలోచన యని యొకరు. ఇరువదివేలన్నవాడు అడిగిన లక్షయైన నిచ్చునని మఱియొకరు. ఈ యిరుపక్షములవారును చూచుచున్నది అంకెనే. నేను చెప్పదలచినది యొక్కటి: అంకెను తరువాత చూడవలెను, ముందు పేరును చూడవలెను. ఆ పేరు మనకేమి పని చేయుచున్నది? ఈ కొనువాడు మరల రాకపోయినచో వేఱొకడు వచ్చునా? అది నిస్సందేహముగా మనదేనా? ఈ మూడింటికి జవాబు దొరకినచో, సమ్మతింపవలెనో, ఎదురుధర చెప్పవలెనో, కాదనవలెనో దానంతట నదే తేలిపోవును.

మన ప్రాంతమువారికి ధర యనగానే మార్కెట్టు యార్డు జ్ఞప్తికి వచ్చును. మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల రైతులు మిర్చిని వరంగల్లు ఏనుమాముల మార్కెట్టునకు తీసికొనిపోవుదురు. అచ్చట ఒక సరకునకు పలువురు వ్యాపారులు. ఏనాటి ధర ఆనాడే యందఱకును తెలియును. ఒకడు తగ్గించి చెప్పిన ప్రక్కవాడు హెచ్చించి చెప్పవచ్చును. డొమైన్ పేరునకు అట్టి యార్డు లేదు. అమ్మునది యొకతె, కొనువాడొకడు. నడుమ ధరల పలక లేదు. కాబట్టి మొదటి మాటగా వచ్చిన యంకె ఆ పేరు వెల కాదు. కొనువాడు ఎంతతో మొదలుపెట్టదలచెనో అంతమాత్రమే. సాధారణముగా కొనువాడు ఇంకను కొంత యెక్కుటకు సిద్ధపడియే మొదలుపెట్టును. కాని యెంతవఱకెక్కునో, అసలెక్కునో లేదో వానికి మాత్రమే తెలియును.

అదే యార్డులో 'జెండా పాట' యని యొకటి గలదు. ఆ దినమున మేలైన సరకునకు పాటలో పలికిన పైధర యది. మఱునాడు పత్రికలలో పడునది ఆ ధరయే. దానిని చదివి సరకు తెచ్చిన రైతులలో ననేకులకు అంతకు తక్కువయే దక్కును. డొమైన్ పేరులకును జెండా పాటలు గలవు. 1999 నవంబరులో సత్యం ఇన్ఫోవే కంపెనీవారు, రాజేశ్ జైన్ గారు స్థాపించిన ఇండియావరల్డును 499 కోట్ల రూపాయలకు కొనుటకు ఒప్పందము చేసికొనిరి. సమాచార్, ఖేల్, ఖోజ్, బావర్చి యను వెబ్‌సైటులు అందులోనివే. 2019లో 'వాయిస్ డాట్ కామ్' అను నొక్క పేరు మూడుకోట్ల డాలర్లకు అమ్ముడైనది. ఈ వార్తలు నిజములే. అయితే ఇండియావరల్డు వట్టి పేరు కాదు, పాఠకులతో నడచుచుండిన సంస్థ. 'వాయిస్' అనగా ఆంగ్లమున కంఠస్వరము. భూగోళమున నే కంపెనీకైనను పనికివచ్చు మాట. ఆ ధరలను తలచుకొని మన యూరి పేరునకు, మన యింటి పేరునకు వెలకట్టుట, మన బస్తాను విప్పి చూడకయే జెండా పాట ధర యడుగుట వంటిది.

బస్తా విప్పి చూచుట యెట్లో ఉదాహరణములతో చెప్పెదను. 2016 అక్టోబరు 11వ తేదీన మహబూబాబాదు, భూపాలపల్లి, జనగామ మూడును జిల్లా కేంద్రములైనవి. ఈ మూడు చోట్ల ముగ్గురు సోదరీమణులు గలరనియు, ముగ్గురకును అట్టి యుత్తరమే వచ్చినదనియు ఊహింతము.

మహబూబాబాదును మన ప్రజలు నేటికిని మానుకోట యని పిలుచుచునేయున్నారు. అచ్చటి సోదరి కుమారుడు చదువుకొను దినములలో ఆ పాతపేరుతో నొక డొమైన్ తీసికొని, ఊరి కథలు వ్రాసెదనని చెప్పి, ఉద్యోగమునకు పోయి మఱచినాడనుకొందము. తల్లి యేటేట రుసుము కట్టుచునే యున్నది. ఆఱేండ్లలో ఎనిమిదివేలైనవి. ఇప్పుడొకరు పదునెనిమిదివేలిత్తుమనుచున్నారు. ఆ పేరు ఆమెకేమి పని చేయుచున్నది? ఏమియు లేదు. వేఱొక కొనువాడు వచ్చునా? ఆఱేండ్లలో నొక్కడును రాలేదు. పైగా మన యూళ్ల పేరులను ఆంగ్లాక్షరములలో పలువిధముల వ్రాయవచ్చును. దీర్ఘమునకు ఒకరు ఒక యక్షరము వ్రాసిన నింకొకరు రెండు వ్రాయుదురు. కొనువాడు విసిగినచో ఒక యక్షరము మార్చియో, డాట్ కామ్‌నకు బదులు డాట్ ఇన్ అనియో, వేఱొక పేరును వేయి రూపాయలకే తీసికొనిపోవును. కొనువానికి గల ఆ రెండవ దారియే మన ధరకు హద్దు. ఇట్టిచోట మొదటి మాటకు సమ్మతించుట చిన్నతనము కాదు, వివేకము.

ఊరకయే యొకమాట యడిగి చూచిన తప్పేమని మీరనవచ్చును. ఇచ్చట చట్టపు సంగతి యొకటి కలదు. ఎదురుధర చెప్పుట యనగా, వచ్చిన మాటను చేతనుంచుకొని యింకొంత యడుగుట యని పలువురు తలంతురు. అది యట్లు కాదు. 1840లో ఇంగ్లండున రెంచ్ అనునతడు తన పొలమును హైడ్ అనునతనికి వేయి పౌండ్లకిత్తునన్నాడు. హైడ్ 950 పౌండ్లు చెప్పెను. రెంచ్ కాదనెను. అప్పుడు హైడ్ వేయి పౌండ్లకే సమ్మతించితిననెను, రెంచ్ ఒప్పుకొనలేదు. ఎదురుధర చెప్పినంతనే మొదటి మాట రద్దైనదని న్యాయస్థానము తీర్పు చెప్పెను. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 7వ సెక్షను కూడ, అంగీకారము షరతులు లేని పూర్తి యంగీకారముగా నుండవలెననుచున్నది. కాబట్టి "ఇరువదిరెండువేలిత్తురా?" అని యడిగి, వారు కాదన్న పిమ్మట "సరే, ఆ పదునెనిమిదివేలే యిండు" అనుటకు మనకు హక్కు లేదు. ఇచ్చినచో నది వారి దయ. నాలుగువేల కొఱకు పదునెనిమిదివేలను పణమొడ్డుట తగునా యని యోచింపుడు. పనికిరాక పడియున్న పేరు విషయమున తగదని నా మతము.

భూపాలపల్లి సోదరి సంగతి వేఱు. వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించినది. టమాటవలె లావుగానుండు ఈ కాయకు కారము తక్కువ, ఎఱుపు మెండు. పచ్చళ్లకును, ఆహారపు రంగులు తీయువారికిని ఇది కావలసిన సరకు. వరంగల్లు, హనుమకొండ, ములుగు జిల్లాలతో పాటు భూపాలపల్లి జిల్లాలోను పండును. ఈ సోదరియు ఇరుగుపొరుగు స్త్రీలును గూడి కారము, పచ్చడి అమ్ముకొనుచు, 'చపాట' యను మాట గల పేరును కొన్నియేండ్ల క్రిందటనే నమోదు చేసికొనిరనుకొందము. ఇరువదివేలిత్తుమని యుత్తరము వచ్చినది. ఇచ్చట ప్రశ్నలకు జవాబులు మాఱిపోవును. పేరు పని చేయుచున్నది. దాని ద్వారా కొనువారు వచ్చుచున్నారు. ఈ యుత్తరమువాడు పోయినను, గుర్తింపు వచ్చిన సరకును అమ్మదలచు వ్యాపారి మఱియొకడు రాగలడు. ఇట్టి పేరునకు మొదటి మాటతోనే తలయూపుట తొందరపాటు. ఎదురుధర చెప్పవలెను.

ఎంత చెప్పవలెను? దీనికి కాగితము, కలము తీసికొని రెండంకెలు వ్రాసికొనవలెను. మొదటిది, మనము దిగరాని అంకె. పేరు విడిచినచో క్రొత్తపేరునకు, సీసాల చీటీలు మరల అచ్చువేయించుటకు, పాత ఖాతాదారులకు తెలియపఱచుటకు, కొన్ని నెలలు తగ్గు అమ్మకమునకు ఎంతయగునో కూడవలెను. అది ముప్పదియైదువేలైనదనుకొందము. అంతకు తక్కువకు అమ్ముట నష్టమునకు అమ్ముటయే. రెండవది, మనమడుగు అంకె. కొనువాడు ఈ పేరు లేక వేఱు పేరుతో మొదలుపెట్టి ప్రచారము చేసికొనుటకు అతనికెంత ఖర్చగునో ఉజ్జాయింపుగా చూచి, అందులో లోపల నిలుచు అంకె చెప్పవలెను. డెబ్బదివేలనుకొందము. ఈ రెండంకెలును ఉత్తరమునకు సమాధానము వ్రాయుటకు ముందే కుదిరియుండవలెను. వ్రాసిన పిమ్మట ఉత్సాహమో భయమో మనచేత అంకెలు మార్పించును. సమాధానమిట్లుండవచ్చును:

"అయ్యా, మీ యుత్తరము చేరినది. కృతజ్ఞతలు. ఈ పేరుతో మేము వ్యాపారము చేయుచున్నాము గనుక దీనిని విడుచుట మాకు వ్యయముతో గూడిన పని. డెబ్బదివేల రూపాయలకు ఇచ్చుటకు సమ్మతింతుము. ఈ మాట ఈ నెల 30వ తేదీవఱకు నిలుచును. సొమ్ము మధ్యవర్తి సంస్థ ద్వారా చెల్లింపవలెను."

ఇందులో అంకె యొక్కటే, కారణమొక్కటే, గడువొక్కటే. "మీరే యింకెంతైన చెప్పుడు" అనుటవలన వారు ఐదువందలు పెంచి యూరకుందురు. "యాబది నుండి డెబ్బదివఱకు" అన్నచో వారికి యాబదియే వినబడును. మనము దానిని వేయి రూపాయలకు తీసికొంటిమని చెప్పుట యనవసరము. లేని కొనువానిని కల్పించి బెదరించుట అధర్మము. బయటపడినచో మిగిలిన మాటలకును విలువ పోవును. వారు నలువదియైదువేలని వ్రాసినచో, అది మన దిగరాని అంకెకు పైననే యున్నది గావున పుచ్చుకొనవచ్చును. మూడవసారి, నాలుగవసారి బేరమాడుట వినోదముగా నుండవచ్చును గాని, అవతలివాని యోపిక తీరినచో మిగులునది మన పేరును, ఏటేటి రుసుమును మాత్రమే.

ఇక జనగామ సోదరి. జనగామకు సమీపముననున్న పెంబర్తి యిత్తడి రేకు పనికి కాకతీయుల కాలము నుండి ప్రసిద్ధము. దేవాలయముల తలుపులకు, వాహనములకు, తొడుగులకు అచ్చటివారి పని పేరుపొందినది. పెంబర్తి లోహశిల్పమునకు 2010లోనే భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఈ సోదరి కుటుంబము ఆ పని చేయునదే. ఊరి పేరును ఇంటి పేరును చేర్చిన డొమైన్‌తో దీపములు, పలకలు అమ్ముచున్నది. ఒకరు లక్ష రూపాయలిత్తుమనిరి. ముగ్గురిలో నిది పెద్ద అంకె. సమాధానము మాత్రము ముగ్గురిలో కష్టమైనది.

మొదట, ఆ పేరుతో ఆమెకు ఈమెయిలు గలదు. బ్యాంకువారు, పన్నులవారు, పదేండ్ల నాటి ఖాతాదారులు ఆ చిరునామాకే వ్రాయుదురు. పేరమ్మిన మఱునాటి నుండి ఆ చిరునామాకు వచ్చు ఉత్తరములన్నియు క్రొత్త యజమాని చేతికి పోగలవు. ఆ చిరునామాతో ముడిపడియున్న ఖాతాల రహస్యపదములను మార్చుకొను వీలును అతనికే దక్కవచ్చును. ఇల్లమ్మి తాళపుచెవులతో పాటు ఇనుపపెట్టెను గూడ అప్పగించుట వంటిదిది. ఆమె అమ్మదలచినను, అన్ని చోట్లను చిరునామా మార్చుకొనుటకు రెండు మూడు నెలల గడువు కోరవలెను. ధర యొక్కటే బేరము కాదు; గడువును బేరమే.

రెండవది, ఆ పేరులో ఊరి పేరు గలదు. కొనువాడెవడు? దానితో నేమి చేయును? మఱియొకచోట యంత్రముపై ఒత్తిన రేకులను పెంబర్తి పనియని చెప్పి యమ్మదలచెనేమో! భౌగోళిక గుర్తింపు ఒక యింటివారి సొత్తు కాదు. అది ఆ పని చేయు అందఱి సొత్తు. ఈమె లక్ష తీసికొని విడిచిన పేరు, ప్రక్కయింటి కంసాలి కూలిని తగ్గించినచో ఆ లక్షలో నతని సొమ్మును గలదన్నమాట. కొనువాని పేరు, ఊరు, ఉద్దేశము అడుగుట మర్యాదకు లోపము కాదు. చెప్పనన్నవానికి, ఎంత యిచ్చినను, కాదనుటకు ఆమెకు హక్కు గలదు. చెప్పినవాడు తగినవాడైనచో అప్పుడు అంకెల మాట. ఆమె స్థానమున నేనున్నచో, ఊరి పేరు గల డొమైన్‌ను అమ్మక, కొనువానికి సరకు పంపు వ్యవహారము కుదుర్చుకొనగోరుదును.

మూడవ ప్రశ్న మిగిలినది: పేరు నిస్సందేహముగా మనదేనా? కెనడా దేశమున మైక్ రో అను పదునేడేండ్ల విద్యార్థి తన పేరునకు 'సాఫ్ట్' చేర్చి, 'మైక్ రో సాఫ్ట్' అని 2003లో డొమైన్ తీసికొనెను. చదివి చూచిన నది మైక్రోసాఫ్ట్ అనియే వినబడును. ఆ కంపెనీ న్యాయవాదులు పేరు విడువుమని వ్రాసి, అతని నమోదు ఖర్చు పది డాలర్లిత్తుమనిరి. అతడు కోపగించి పదివేల డాలర్లడిగెను. ఆ యంకెనే చూపి, వీడు మా పేరునమ్ముకొనుటకే దీనిని తీసికొన్నాడని వారు వాదించిరి. 2004 జనవరిలో రాజీ కుదిరినది. అతనికి ఆటయంత్రము, శిక్షణ మొదలగునవి దక్కినవి గాని పదివేలు దక్కలేదు. డాట్ కామ్ పేరుల వివాదములకు 1999 నుండి యంతర్జాతీయ నియమావళి గలదు. డాట్ ఇన్ పేరులకును వేఱుగా గలదు. ఇతరుల వ్యాపారచిహ్నమును పోలిన పేరును, దానిపై తనకు న్యాయమైన యవసరము లేకయే, వారికి లాభమునకమ్ముటకై తీసికొన్నట్లు ఋజువైనచో ఆ పేరు పోవును. మన సుప్రీంకోర్టును 2004లో, సత్యం ఇన్ఫోవే వారి 'సిఫీ' పేరును పోలిన పేరు విషయమున, డొమైన్ పేరునకు గూడ వ్యాపారచిహ్నమునకు గల రక్షణ గలదని తీర్పు చెప్పినది.

ఇటీవలి సంగతి యొకటి. 2024 అక్టోబరులో, జియో, హాట్‌స్టార్ రెండును కలియునని ముందుగా నూహించి ఆ జంటపేరును తీసికొన్న ఢిల్లీ యువకుడొకడు, తన కేంబ్రిడ్జి చదువునకగు రుసుము నిప్పించినచో పేరిత్తునని రిలయన్సు వారిని బహిరంగముగా కోరెను. వారు నిరాకరించిరని తరువాత నతడే తెలిపెను. పిమ్మట ఆ పేరు దుబాయిలోని యిద్దరు పిల్లల చేతికి వచ్చినది. వారు దానిని ఉచితముగనే యిచ్చెదమని ప్రకటించిరి. పెద్ద కంపెనీ యడిగినది గనుక పెద్ద సొమ్ము వచ్చునను లెక్క యెల్లప్పుడు సరికాదని దీనివలన తెలియుచున్నది. తన సొంత వ్యాపారమునకు, తన సొంత పేరుతో, ముందుగా నమోదు చేసికొని వాడుకొనుచున్న స్త్రీ మాత్రము ఈ నియమములకు భయపడ నవసరము లేదు. ఎదుటివారి చిహ్నమును పోలిన పేరైనచో, అంకె వ్రాయుటకు ముందు న్యాయవాదిని కలియవలెను.

పేరు మనదేనా యను ప్రశ్నకు ఇంకొక యర్థము గలదు. నా దృష్టిలో నిది అన్నిటికంటె ముఖ్యమైనది. పచ్చడి కలిపినది మీరు, పేరు తలచినది మీరు, ఏటేట రుసుము కట్టినది మీరు. నమోదు పుస్తకములో యజమానిగా నున్నది ఎవరు? మఱదియా, అల్లుడా, వెబ్‌సైటు చేసిపెట్టిన కుఱ్ఱవాడా? ఎవరి పేర, ఎవరి ఈమెయిలుతో, ఎవరి ఫోనుతో ఖాతా తెఱవబడినదో, అమ్మకమునకు సంతకము వారిదే. కొనువాని యుత్తరమును వారికే పోవును. మీకు తెలియకుండగనే మీ పేరు అమ్ముడు కావచ్చును. ఇది వారిని శంకించుట కాదు; పొలము పట్టా యెవరి పేర నున్నదో చూచుకొనుట శంక కానట్లే యిదియును కాదు. ఉత్తరము వచ్చువఱకు ఆగక, నేడే యింటిలో నడిగి, ఖాతాను మీ పేరునకు, మీ ఈమెయిలునకు మార్పించుకొనుడు.

ఉత్తరము వచ్చిన నాడు వెంటనే చేయవలసిన పని యింకొకటి గలదు. అది సమాధానము వ్రాయుట కాదు. పేరు గడువు ఎన్నడు తీరునో చూచి, దగ్గఱపడినచో వెంటనే పొడిగించుకొనుట. కొనగోరువాడు గడువు తేదీని తానును చూడగలడు. బేరము సాగుచుండగా మనము రుసుము కట్ట మఱచినచో, అతనికి బేరముతోనే పని యుండదు.

మోసములును గలవు. "పేరు కొందుము గాని, ముందుగా దాని విలువను నిర్ణయించు పత్రమును ఫలానావారి యొద్ద తీసికొని పంపుడు" అని వ్రాయువాడు కొనువాడు కాడు. ఆ పత్రపు రుసుమునకు కాచుకొన్నవాడు. సొమ్ము పంపుదుము, ఈ గుర్తును స్కాన్ చేసి మీ రహస్యసంఖ్య నొత్తుడనువాడును అట్టివాడే. ఫోనులో సొమ్ము పుచ్చుకొనుటకు రహస్యసంఖ్య యెన్నడును అవసరము లేదు. పేరును బదిలీ చేయుటకు ఒక సంకేతపదము గలదు, అది తాళపుచెవి. సొమ్ము మధ్యవర్తి సంస్థ చేతికి చేరినదని, ఆ సంస్థ వారి వెబ్‌సైటులోనే మీ యంతట మీరు చూచుకొనకుండ దానిని ఎవ్వరికిని చెప్పరాదు. మధ్యవర్తి సంస్థ సొమ్మును తనయొద్ద నుంచుకొని, పేరు కొనువానికి చేరిన పిమ్మట మీకిచ్చును. దాని రుసుమును ఎవరు భరింతురో ముందే మాటాడుకొనవలెను. వచ్చిన సొమ్ముపై పన్ను సంగతిని ఆడిటరు నడుగవలెను.

ఐదు దినముల గడువు చూచి బెదరవలదు. ఆ గడువు కొనువాడు పెట్టినది. నిజముగా కావలసినవాడు "ఇంటిలో నాలోచించి, పదియవ తేదీన వ్రాసెదము" అను మర్యాదగల యొక్క వాక్యముతో సాధారణముగా ఆగును. ఆగనివాడు వెనుదీయునను భయమున్నచో, మన దిగరాని అంకెను చూచుకొనవలెను. అతడు చెప్పినది దానికి పైనున్నదా, సమ్మతింపుడు, క్రిందనున్నదా, పోనిండు. ఆ యంకె కాగితముమీద నున్న స్త్రీని తొందరపెట్టుట ఎవరికిని సులభము కాదు.